ఓడుతున్న జట్టును కూల్చి కట్టాలా, కుర్రాళ్ళను ఎదగనివ్వాలా?

వానలు పడకముందు ఆడిన ఆఖరి మ్యాచ్‌లో మా రాయగడ బాస్కెట్‌బాల్ జట్టు 41 పాయింట్ల తేడాతో ఓడింది. వరసగా తొమ్మిదో ఓటమి. ఆ రాత్రి కోర్టు పక్క సిమెంటు గట్టు మీదే కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు వస్తూనే తేల్చేశారు: "విశాఖ నుంచి నలుగురిని తెచ్చుకుందాం మాస్టారూ, వీళ్ళతో అయ్యేది కాదు." పీఈటీ మాస్టారు కాసేపు ఆగి, "ఆ నలుగురూ వస్తే మన గుంటలు ఎక్కడ ఆడతారండీ, ఈ గట్టు మీదా?" అన్నారు. ఇంకొకాయన మొత్తం జట్టునే రద్దు చేసి తొమ్మిదో తరగతి పిల్లలతో మళ్ళీ మొదలుపెడదామన్నారు. మా 29 ఏళ్ళ సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగాటివాడు, మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా బూటు లేసు విప్పుతూ, కడుతూ కూర్చున్నాడు. ఆ ముగ్గురిలో ఇద్దరి మాట నెగ్గితే ముందు పోయేది తనే అని అతనికి తెలుసు.

నేను ఆ జట్టుకు లెక్కలు రాసేవాణ్ణి. స్కోరు షీటు, రైలు టికెట్లు, నీళ్ళ డబ్బాలు నా డిపార్ట్‌మెంటు. తెలుగు పిల్లలకు అన్నను, ఒడియా పిల్లలకు భాయినాను. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూసే పిచ్చి కూడా ఉంది. అక్కడి సాయంత్రం మనకు తెల్లవారుజాము కాబట్టి టీ తాగేసరికి రెండు క్వార్టర్లు అయిపోతాయి. ఆ పిచ్చి వల్లే కాబోలు, "మూడు దారుల్లో ఏది మంచిదో నువ్వే రాసి ఇవ్వు" అని పని నాకు అంటగట్టారు. గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో, జయపురంలోనో ఇదే తగువు పెట్టుకున్నవాళ్ళకు కూడా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

మా కమిటీలో "రీబిల్డ్" అనే మాటను ఎవరికి తోచిన అర్థంలో వాళ్ళు వాడుతున్నారు. నేను మూడుగా విడగొట్టాను. పాతవాళ్ళందరినీ పంపేసి, కొన్నాళ్ళు ఓడటానికి సిద్ధపడి మొదటి నుంచి కట్టడం ఒకటి. దాన్ని కూల్చి కట్టడం అందాం. చేతిలో ఉన్న కుర్రాళ్ళనే ఆడిస్తూ వాళ్ళు ఎదిగేదాకా ఆగడం రెండోది. బయటినుంచి తయారైన ఆటగాళ్ళను తెచ్చి వెంటనే గెలవాలనుకోవడం మూడోది. దీన్ని అరువు జట్టు అంటాను, సెక్రటరీ గారు కోప్పడినా సరే.

## ముందు చూసుకోవలసినవి

ఓడితే మీకేమొస్తుంది? అన్నిటికంటే ముందు అడగవలసింది ఇదే. మా కమిటీలో ఎవరూ అడగలేదు. ఎన్‌బీఏలో ఏటా డ్రాఫ్ట్ ఉంటుంది. లీగ్‌లోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ప్లేఆఫ్‌కు, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే పోటీలకు, వెళ్ళలేకపోయిన 14 జట్ల మధ్య లాటరీ తీసి మొదటి వంతు ఎవరిదో తేలుస్తారు. ఎక్కువ ఓడిన జట్టుకు ఎక్కువ అవకాశం ఇస్తారు. అంటే అక్కడ ఓటమికి ఒక ధర ఉంది, ఆ ధర చేతికొస్తుంది. మన దగ్గర ఏముంది? మేము ఎన్‌బీఏ సీజన్‌లోలాగా 82 మ్యాచ్‌లు ఆడి అన్నీ ఓడినా ఏడడుగుల కుర్రాణ్ణి ఎవరూ రాయగడ స్టేషన్‌లో దింపి వెళ్ళరు.

పిల్లలు ఎన్నాళ్ళు మీ దగ్గర ఉంటారు? ఎన్‌బీఏలో మొదటి రౌండ్‌లో ఎంచుకున్న కుర్రాడి ఒప్పందం నాలుగేళ్ళది. మొదటి రెండేళ్ళు గ్యారంటీ, తర్వాతి రెండేళ్ళు జట్టు ఇష్టం. ఈ నాలుగేళ్ళలో వాడు ఏమిటో తేలిపోవాలి. మా ఊళ్ళో కూడా సరిగ్గా నాలుగేళ్ళే. తొమ్మిదో తరగతిలో బంతి పట్టిన పిల్లాడు ప్లస్ టూ అవగానే విశాఖకో, భువనేశ్వర్‌కో, హైదరాబాద్‌కో వెళ్ళిపోతాడు. మళ్ళీ దసరాకు వస్తాడు, పొట్టతో. సునాబెడ, దామన్‌జొడి లాంటి కంపెనీ ఊళ్ళలో అయితే ఆ నాలుగేళ్ళకు కూడా హామీ లేదు. తండ్రికి ట్రాన్స్‌ఫర్ వస్తే బంతి నడిపే పాయింట్ గార్డ్ కూడా లారీ సామానుతో వెళ్ళిపోతాడు.

నేర్పేవాళ్ళున్నారా? కోచ్ ఒక్కడే కాదు. కోర్టులో పక్కనే నిలబడి "చెయ్యి పైకెత్తు, వెనక్కి చూడు" అని అరిచే పెద్దవాడు కావాలి.

వయసు, డబ్బు కూడా చూసుకోవాలి. వాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ మంచి ఆటగాళ్ళకు 21 లోపు ఉంటే ఆగడానికి అర్థముంది. అందరికీ 27 దాటి, ఇంకా ఓడుతూ ఉంటే దేనికోసం ఆగుతారు? డబ్బు విషయంలో ఒకటే చూడండి. చందా ఇచ్చేవాళ్ళు గెలుపు కోసం ఇస్తున్నారా, వాళ్ళ పిల్లలు ఆడుతున్నారని ఇస్తున్నారా? మాకు రెండో రకంవాళ్ళే ఎక్కువ. అది కమిటీకి తెలియకముందే నా రసీదు పుస్తకానికి తెలుసు.

## కూల్చి కట్టడం

ఈ దారికి పెద్ద పేరు తెచ్చింది ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్. 2013లో శామ్ హింకీ జనరల్ మేనేజర్‌గా వచ్చి, ఉన్న మంచి ఆటగాళ్ళను వేరే జట్లకు ఇచ్చేసి, బదులుగా డ్రాఫ్ట్ వంతులు పోగేశాడు. మూడు సీజన్లు 19, 18, 10 గెలుపులు. ఆఖరిదానిలో 82 మ్యాచ్‌లకు 72 ఓడారు. అభిమానులు దానికి "ప్రాసెస్" అని పేరు పెట్టి, ఓడుతున్నా అదే మాట అరిచేవారు. డ్రాఫ్ట్‌లో జోయెల్ ఎంబీడ్ అనే సెంటర్ దొరికాడు, కానీ గాయాలతో మొదటి రెండు సీజన్లూ ఆడనేలేదు. 2016లో మొదటి వంతు తగిలి బెన్ సిమన్స్ అనే కుర్రాడు వచ్చాడు. అప్పటికే హింకీ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. కట్టిన ఇంట్లో ఆయన కాపురం ఉండలేదు. 2017-18కి జట్టు 52 మ్యాచ్‌లు గెలిచింది, 2023లో ఎంబీడ్ ఎంవీపీ (ఆ సీజన్‌కు అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. అయినా 2025 దాకా చూస్తే వాళ్ళు ప్లేఆఫ్‌లో రెండో రౌండ్ దాటింది లేదు. అంత ఓడి సంపాదించింది ఇదీ అంటే నాకు మనసొప్పదు. నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు గానీ, 10 గెలుపుల జట్టు 52 గెలవడం చిన్న సంగతి కాదు.

ఇదే దారిలో బాగుపడ్డది ఓక్లహోమా సిటీ థండర్. 2019 జూలైలో పాల్ జార్జ్‌ను లాస్ ఏంజిలెస్ క్లిప్పర్స్‌కు ఇచ్చి, బదులుగా బోలెడు డ్రాఫ్ట్ వంతులూ, ఒక్క సీజన్ ఆడిన 20 ఏళ్ళ కుర్రాణ్ణీ తీసుకున్నారు. ఆ కుర్రాడు షే గిల్జియస్ అలెగ్జాండర్. 2020-21లో 22 గెలుపులు, తర్వాత 24. 2021 డిసెంబర్ 2న మెంఫిస్ చేతిలో 152-79తో ఓడారు. 73 పాయింట్ల తేడా, అప్పటిదాకా ఎన్‌బీఏ చరిత్రలో అంత తేడాతో ఎవరూ ఓడలేదు. మా 41 పాయింట్ల రాత్రి నేను పిల్లలకు చెప్పిన కథ ఇదే. ఎందుకంటే ఆ తర్వాత 40, 57, 68 గెలుపులు వచ్చాయి, 2025లో ఇండియానాను ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో ఓడించి చాంపియన్లయ్యారు. షే ఆ సీజన్ ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ కూడా.

కథ పూర్తిగా చెప్పాను గనుక, దాచిపెట్టకూడని సంగతి కూడా చెప్పాలి. షే ఓటమి వల్ల వచ్చినవాడు కాదు, బేరంలో వచ్చినవాడు. 2022 డ్రాఫ్ట్‌లో రెండో వంతుకు దొరికిన చెట్ హోమ్‌గ్రెన్ ఓటముల ఫలితమే. కానీ అదే డ్రాఫ్ట్‌లో 12వ వంతుకు తీసుకున్న జేలెన్ విలియమ్స్ క్లిప్పర్స్ దగ్గర సంపాదించిన వంతుతో వచ్చాడు. లూ డోర్ట్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. చేతికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి నేర్పారు కాబట్టే ఆ జట్టు జట్టయింది. కూల్చడం ఒక వేసవిలో అయిపోయింది, కట్టడానికి ఆరేళ్ళు పట్టింది.

పైగా ఓడటం ఇప్పుడు అక్కడ కూడా అంత లాభం కాదు. ఒకప్పుడు అందరికంటే కింద ఉన్న జట్టుకు మొదటి వంతు దక్కే అవకాశం నూటికి 25 ఉండేది. 2019 నుంచి కింది మూడు జట్లకూ సమానంగా 14 చేశారు. కావాలని ఓడేవాళ్ళను ఆపడానికి. ఫలితం చూడండి: 2023లో, 2024లో అందరికంటే కింద ఉన్న డెట్రాయిట్ రెండుసార్లూ 5వ వంతుకు జారింది. 2025లో యూటా 65 మ్యాచ్‌లు ఓడి 5వ వంతు తెచ్చుకుంది. మొదటి వంతు 1.8 శాతం అవకాశమున్న డల్లాస్‌కు తగిలింది. షార్లెట్‌ది ఇంకా జాలిగొలిపే కథ. 2011-12లో 66 మ్యాచ్‌లకు 7 గెలిచి, 25 శాతం అవకాశంతో లాటరీకి వెళ్ళి, ఆంథనీ డేవిస్‌ను న్యూ ఆర్లీన్స్‌కు వదులుకుంది.

మా కొండల మీద పోడు కొట్టేవాళ్ళను అడిగితే ఈ లెక్క ఒక్క మాటలో చెబుతారు. ఒక చెక్క కాల్చి, రెండు మూడేళ్ళు పండించి, దాన్ని వదిలి ఇంకో చెక్కకు వెళతారు. పాతది మళ్ళీ అడవి ఎక్కేదాకా ముట్టుకోరు. ఆ పద్ధతి నడవాలంటే ఇంకో చెక్క ఉండాలి. ఎన్‌బీఏ జట్టుకు డ్రాఫ్ట్ ఆ ఇంకో చెక్క. మాకున్నది ఒకే కోర్టు, ఒకటే బస్తీ, మహా అయితే నాలుగు స్కూళ్ళ పిల్లలు. కాల్చేస్తే ఎటు వెళతాం?

## కుర్రాళ్ళను ఎదగనివ్వడం

ఇక్కడ నేను చూపించేది డెట్రాయిట్ పిస్టన్స్‌నే. 2023-24లో 14 గెలుపులు, 68 ఓటములు. అందులో ఏకబిగిన 28 ఓడారు, ఒకే సీజన్‌లో అదొక రికార్డు. ఆ సీజన్ అయ్యాక అందరూ "ఈ పిల్లలతో కాదు, అందరినీ మార్చండి" అన్నారు, మా సెక్రటరీ గారిలాగే. వాళ్ళు పిల్లలను మార్చలేదు. 2021లో మొదటి వంతుకు తీసుకున్న కేడ్ కనింగ్‌హామ్, 2022లో వచ్చిన జేలెన్ డ్యూరెన్, జేడెన్ ఐవీ, 2023లో వచ్చిన ఆసార్ థాంప్సన్ అలాగే ఉన్నారు. మార్చింది కోచ్‌ను. బికర్‌స్టాఫ్ వచ్చాడు. పక్కన టోబయస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్ లాంటి అనుభవమున్నవాళ్ళను పెట్టారు. మరుసటి సీజన్ 44 గెలుపులు. ఒక్క ఏడాదిలో 30 ఎక్కువ.

నాకు దీంట్లో ముఖ్యంగా కనిపించేది గెలుపుల సంఖ్య కాదు. అంతకుముందు సీజన్లో కూడా అవే పిల్లలు, అవే కాళ్ళు, అదే ఎత్తు. అంటే "పిల్లలు పనికిరారు" అన్న తీర్పు తప్పు. నేర్పే పద్ధతీ, పక్కనున్న పెద్దలూ చాలలేదు, అంతే.

మిల్వాకీ సంగతి ఇంకా పాతది. 2013లో 15వ వంతుకు తెచ్చుకున్న యానిస్ ఆంటెటోకూంపో మొదటి సీజన్లో మ్యాచ్‌కు 6.8 పాయింట్లు చేశాడు. జట్టు 67 ఓడింది. అదే కుర్రాడు 2019, 2020 రెండేళ్ళూ ఎంవీపీ, 2021లో చాంపియన్. మొదటి సంవత్సరం స్కోరు షీటు చూసి ఎవరైనా ఆ మాట ఊహించగలరా? అంటు జీడి వేసిన రైతు మూడో ఏడు దాకా కాపు కోసం చూడడు. ఈలోపు మొక్కల మధ్య కందో, వేరుశనగో వేసుకుని ఇల్లు నడుపుకుంటాడు. మా 29 ఏళ్ళ సెంటర్ ఆ అంతర పంట. పిల్లలు ఎదిగేదాకా మ్యాచ్ మరీ ఘోరంగా పోకుండా కాపాడేవాడు.

ఎదగనివ్వడమంటే ఎవరినీ వదలకపోవడం అనుకోకండి. గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2012 మార్చిలో, అభిమానులు ప్రాణంగా చూసుకునే మాంటే ఎలిస్‌ను మిల్వాకీకి ఇచ్చి, గాయంతో ఉన్న బోగట్‌ను తెచ్చుకున్నారు. ఆరు రోజుల తర్వాత ఒక సన్మాన సభలో యజమాని లేకబ్ మైకు పట్టుకుంటే స్టేడియమంతా కూతలు పెట్టింది. కానీ ఎలిస్, అదే జట్టులోని కుర్రాడు స్టెఫెన్ కర్రీ ఇద్దరూ ఒకే చోటు కోసం ఆడే చిన్న గార్డులు. ఒకరు పోతేనే రెండోవాడు విచ్చుకుంటాడు. 2015లో కప్పు వచ్చింది. పిల్లలకు అడ్డంగా ఉన్న ఒక్కణ్ణి తీయడం వేరు, మొత్తం పీకడం వేరు.

ఇక ఈ దారిలో ఉన్న ప్రమాదం. "మా పిల్లలు ఎదుగుతున్నారు" అన్న మాట బద్ధకానికి మంచి ముసుగు. సాక్రమెంటో కింగ్స్ 2006-07 నుంచి 2021-22 దాకా 16 సీజన్లు ప్లేఆఫ్ మొహం చూడలేదు. ప్రతి ఏటా ఎవరో ఒక కుర్రాడు ఎదుగుతూనే ఉన్నాడు. ఆఖరికి 2022 ఫిబ్రవరిలో తమ మంచి కుర్రాడు హాలిబర్టన్‌ను ఇండియానాకు ఇచ్చి సబోనిస్‌ను తెచ్చుకుంటేనే ఆ కరువు తీరింది, తర్వాతి సీజన్ 48 గెలిచారు. హాలిబర్టన్ అక్కడ 2025 ఫైనల్ దాకా జట్టును మోసుకెళ్ళాడు. ఆ బేరం తప్పా ఒప్పా అని నేను మా మాస్టారితో ఇప్పటికీ వాదిస్తాను. నాకైతే తప్పే. ఆయనకు ఒప్పు. 16 ఏళ్ళు ఎదురుచూసిన ఊరికి ఒక్క ప్లేఆఫ్ చాలదా అంటారు.

అందుకే ఎదుగుతున్నారో లేదో కొలవాలి. స్కోరు చూస్తే తెలియదు. నేను మూడు రాస్తాను. బంతి ఎన్నిసార్లు పోగొట్టారు, ఫ్రీ త్రోలు పదికి ఎన్ని వేశారు, నాలుగో క్వార్టర్‌లో ఎంత తేడా వచ్చింది. ఫ్రీ త్రో ముఖ్యం, ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డు రాకుండా వేసేది గనుక దానికి అవతలి జట్టు బలంతో పని లేదు. నాలుగో క్వార్టర్ తేడా తగ్గుతోందంటే ఊపిరి పెరుగుతోందని. మా 41లో మొదటి మూడు క్వార్టర్లలో పోయింది 22, ఆఖరి పది నిమిషాల్లో 19. అది చేతకానితనం కాదు, కాళ్ళలో సత్తువ అయిపోవడం.

## అరువు జట్టు

బ్రూక్లిన్ నెట్స్ 2013లో బోస్టన్ నుంచి పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్‌లను తెచ్చుకుంది. పేర్లు పెద్దవి, వయసులూ పెద్దవే. బదులుగా 2014, 2016, 2018 మొదటి రౌండ్ వంతులు ఇచ్చి, 2017లో వంతు మార్చుకునే హక్కు కూడా ఇచ్చింది. ఒక్క సీజన్ 44 గెలిచి రెండో రౌండ్లో ఇంటికొచ్చారు. 2016-17కి 62 ఓడారు, ఆ ఓటముల ఫలం బోస్టన్‌కు పోయింది. ఆ వంతులతో బోస్టన్ జేలెన్ బ్రౌన్‌నూ, ఒక చిన్న బేరం కలిపి జేసన్ టేటమ్‌నూ తెచ్చుకుని 2024లో చాంపియన్ అయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది.

మనూళ్ళలో అరువు జట్టు ఎలా నడుస్తుందో టోర్నమెంట్లు తిరిగినవాళ్ళకు తెలుసు. విశాఖ కుర్రాళ్ళు శనివారం రైలెక్కి విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం దాటి వస్తారు. ఆదివారం ఆడి, కప్పు ఫొటో దిగి, రాత్రి బండికి వెళ్ళిపోతారు. సోమవారం సాయంత్రం కోర్టులో మళ్ళీ మన పిల్లలే, వాళ్ళకు ఆదివారం ఒక్క నిమిషం ఆట లేదు. ఓసారి మేమూ చేశాం. కప్పు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ ఏడు గట్టు మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు మరుసటి ఏడు క్రికెట్‌కు పోయారు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడవలసింది | కూల్చి కట్టడం | ఎదగనివ్వడం | అరువు జట్టు |
|---|---|---|---|
| ఫలితానికి పట్టే కాలం | ఎన్‌బీఏలో 4 నుంచి 6 ఏళ్ళు | 2 నుంచి 4 ఏళ్ళు | ఈ నెలే |
| ఓటమికి ప్రతిఫలం | డ్రాఫ్ట్ ఉంటే ఉంది, మన దగ్గర లేదు | అనుభవం, అదీ ఆడించినవాళ్ళకే | లేదు |
| ఖర్చు | మనుషులు చెదిరిపోవడం | కోచ్, ఓపిక | ప్రయాణం, బస, రొక్కం |
| పిల్లలకు ఆట సమయం | ఎక్కువ, పక్కన పెద్దలుండరు | ఎక్కువ, పెద్దలుంటారు | దాదాపు సున్నా |
| మునిగే చోటు | ఓడటం అలవాటైపోవడం | సాకుగా మారిపోవడం | ఆటగాళ్ళు రాని ఆదివారం |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఎన్‌బీఏ జట్టు అభిమాని అయితే, మీ జట్టులో 23 లోపు మంచివాడు ఒక్కడైనా ఉన్నాడా చూడండి. ఉంటే కూల్చొద్దనే అంటాను. ఎవరూ లేకుండా 30 ఏళ్ళవాళ్ళతో 35 గెలుపుల దగ్గర ఏళ్ళ తరబడి వేలాడుతుంటే మాత్రం కూల్చడమే మేలు. మధ్యలో ఉండటమంత దరిద్రం అక్కడ ఇంకొకటి లేదు. ప్లేఆఫ్ రాదు, మంచి వంతూ రాదు.

మాలాంటి టౌన్ క్లబ్ అయితే రెండో దారే, వేరే మాట లేదు. కానీ ఇద్దరు పెద్దవాళ్ళను ఉంచుకుని. వాళ్ళకు చెప్పవలసింది ముందే చెప్పండి: "నువ్వు 30 నిమిషాలు ఆడవు, 15 ఆడతావు. మిగతా 15 గట్టు మీద నుంచి అరవడం నీ పని." కొందరికి రోషం వస్తుంది. రానివ్వండి, ఉండేవాళ్ళు ఉంటారు.

స్కూలు పీఈటీ మాస్టర్లకు అసలు ఎంచుకునే వీలే లేదు. ఏటా ప్లస్ టూ వాళ్ళు పోతారు, ఏటా తొమ్మిదో తరగతి వస్తుంది. మీరు ఎప్పుడూ కట్టడంలోనే ఉంటారు. మీకు చెప్పేది ఒకటే. ఎత్తు చూసి పిల్లాడి స్థానం అప్పుడే నిర్ణయించకండి. తొమ్మిదిలో పొడుగ్గా ఉన్నవాడు పన్నెండుకు అందరితో సమానమైపోతాడు, అప్పటికి వాడికి డ్రిబ్లింగ్ రాదు.

పన్నెండు మంది దొరకని చిన్న ఊళ్ళవాళ్ళు త్రీ ఆన్ త్రీ వైపు చూడండి. సగం కోర్టు చాలు, ముగ్గురు ఆడతారు, ఒకడు మారడానికి ఉంటాడు. పది నిమిషాల ఆట, 21 ముందు చేరితే గెలుపు. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో కూడా ఉంది. జట్టులో నలుగురే గనుక ఏ కుర్రాడూ దాక్కోలేడు, అందరి చేతికీ బంతి వస్తుంది.

తల్లిదండ్రులు నన్ను అడిగేది వేరు. "ఆట వల్ల మావాడికి ఏమైనా అవుతుందా?" అని. 2015లో పంజాబ్ పల్లెటూరి కుర్రాడు సత్నాం సింగ్‌ను డల్లాస్ 52వ వంతుకు తీసుకున్నప్పుడు నాకూ అలాంటి ఆశలు పుట్టాయి. డ్రాఫ్ట్‌లో పేరొచ్చిన మొదటి భారతీయుడు. అతను ఏడడుగులపైన ఉంటాడని మర్చిపోవద్దు. మీరు మాత్రం జట్టు గెలుస్తుందా అని అడక్కండి. మావాడు మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడాడు, తప్పు చేస్తే ఎవరు చెప్పారు అని అడగండి. రెండిటికీ జవాబు లేకపోతే ఆ క్లబ్ కప్పులు ఎన్ని గెలిచినా మీవాడికి ఒరిగేది లేదు.

## 200 నిమిషాల లెక్క

ఇది మా కమిటీకి ఇచ్చిన కాగితంలో ఉన్న ముఖ్యమైన ముక్క. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మ్యాచ్ నాలుగు పదులు, 40 నిమిషాలు. కోర్టులో ఐదుగురు. అంటే ప్రతి మ్యాచ్‌లో పంచుకోవడానికి 200 నిమిషాలున్నాయి. మీ జట్టు ఏ దారిలో ఉందో తీర్మానాల పుస్తకంలో దొరకదు, ఈ 200 ఎవరికి ఎంత వెళ్ళిందో చూస్తే తెలుస్తుంది. ఓడిన ఆ తొమ్మిది మ్యాచ్‌ల షీట్లు తీసి కూడిక వేశాను. 19 ఏళ్ళ లోపువాళ్ళందరికీ కలిపి మ్యాచ్‌కు సగటున 38 నిమిషాలు వచ్చాయి, అవి కూడా ఓటమి ఖాయమయ్యాక ఆఖర్లో. "పిల్లల్ని ఆడిస్తూ ఓడిపోతున్నాం" అని మేమంతా అనుకుంటున్నాం. నిజానికి పిల్లలు ఆడనే లేదు. పెద్దవాళ్ళను ఆడించి ఓడిపోయి, నింద పిల్లల మీద వేశాం. కాగితం చూసి సెక్రటరీ గారు కూడా కాసేపు ఏమీ అనలేదు.

నేను పెట్టమన్న లెక్క 80. ప్రతి మ్యాచ్‌లో 80 నిమిషాలు పిల్లలవి, అందులో సగం మొదటి మూడు క్వార్టర్లలోనే రావాలి. ఇంకొకటి కూడా రాశాను. నలుగురు ఆటగాళ్ళను తెచ్చే డబ్బుతో వేసవి సెలవుల్లో ఒక కోచ్‌ను ఒక నెల ఇక్కడ ఉంచొచ్చు. ఆటగాడు ఆదివారం రాత్రి బండికి వెళ్ళిపోతాడు, నేర్పింది సోమవారం కూడా కోర్టులోనే ఉంటుంది. వానాకాలం కోర్టు తడిగా ఉండి మూణ్ణెల్లు ఆట ఆగిపోతుంది గనుక ఈలోపు కాళ్ళ బలం పనులు పెట్టమన్నాను. మెట్లు, తాడు ఆట. దానికి ఖర్చు లేదు.

కమిటీ 80కి ఒప్పుకుంది, కోచ్‌కు సగం ఒప్పుకుంది. అంటే ఒప్పుకుని డబ్బు ఇంకా ఇవ్వలేదు. రద్దు చేద్దామన్న ఆయన అలిగి ఒక మీటింగుకు రాలేదు, తర్వాత వచ్చారు. మా సెంటర్ లేసు విప్పడం మానేశాడు, ఇప్పుడు విజిల్ కొనుక్కున్నాడు, చెవులు పోతున్నాయి.

మొన్న జేకేపూర్ కుర్రాళ్ళతో ఫ్రెండ్లీ ఆడాం. 17 తేడాతో ఓడాం. పిల్లల నిమిషాలు 94, ఫ్రీ త్రోలు పదికి ఆరు, ఆఖరి క్వార్టర్ తేడా 2. సెక్రటరీ గారు షీటు తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు చూశారు. విశాఖ నంబర్లు మాత్రం ఫోన్‌లోంచి ఇంకా తీసెయ్యలేదు. దసరా దాకా చూద్దాం అంటున్నారు.